కార్డుతో 11 ఏళ్లు, నగదుతో 6 ఏళ్లు

నేను 11 ఏళ్లు క్రెడిట్ కార్డులు వాడాను. ఒక దశలో పర్సులో మూడు ఉండేవి. వాటిని పక్కన పెట్టి 6 ఏళ్లుగా ఇంటి ఖర్చు నగదుతోనే నడుపుతున్నాను. రెండు పద్ధతులనూ ఏళ్ల తరబడి వాడాక రాస్తున్న సమీక్ష ఇది. ఒక నెల కార్డు, ఒక నెల నగదు వాడి చూసి తేల్చుకునే విషయం కాదిది. కార్డు మొదటి ఏడాది ఎవరికీ చెడు చేయదు. నాకూ చేయలేదు.

మొదటి నాలుగేళ్లు నేను ఒక్క నెల కూడా బాకీ ఉంచలేదు. స్టేట్‌మెంట్ రాగానే మొత్తం కట్టేసేవాణ్ణి. కొన్న రోజును బట్టి 45, 50 రోజుల దాకా వడ్డీ లేకుండా డబ్బు వాడుకోవచ్చు, పైగా పాయింట్లు వస్తాయి, ఇంకేం కావాలి అనుకునేవాణ్ణి. వడ్డీ కట్టడం లేదు కాబట్టి నాకు అప్పు లేదని గట్టిగా నమ్మాను.

ఒక రోజు జీతం పడింది. మర్నాడే కార్డు బిల్లు ఖాతాలోంచి వెళ్లిపోయింది. ఆ రాత్రి మా ఆవిడ లెక్కల పుస్తకం ముందు పెట్టుకుని, "ఏమండీ, ఈ జీతంలో ఇప్పుడు మనదెంత?" అని అడిగింది. ఖాతాలో ఉన్నదెంతో చెప్పాను. "అది సరే, ఈ నెలంతా దీంతో గడుస్తుందా?" అంది. గడవదు. మళ్లీ కార్డే తీయాలి. అంటే ఈ నెల జీతం పోయిన నెల ఖర్చుకి, వచ్చే నెల జీతం ఈ నెల ఖర్చుకి. వడ్డీ పైసా లేదు, నిజమే. కానీ నేను ఎప్పుడూ ఒక నెల వెనక బతుకుతున్నాను. ఇంకా రాని జీతాన్ని ముందే తినేస్తున్నాను. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక లేచి బాల్కనీలోకి వెళ్లాను. దాని అర్థం పూర్తిగా ఒంటబట్టడానికి మాత్రం ఇంకో మూడేళ్లు పట్టింది.

ఈ సమీక్షలో నేను ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే. బిల్లు మొత్తం కట్టేవాళ్లు క్షేమంగా ఉన్నారనేది సగం నిజం. జీతం ఆగనంత కాలం క్షేమమే. జీతం ఒక్క నెల ఆగితే ఆ నెల ఖర్చులూ, పోయిన నెల బిల్లూ ఒకేసారి మీద పడతాయి. నగదుతో బతికేవాడికి ఒక నెల కష్టం ఒక నెలంతే ఉంటుంది. కార్డుతో బతికేవాడికి అదే కష్టం రెండింతలవుతుంది.

నాకు అలాగే జరిగింది. పనిచేసే చోట రెండు నెలలు జీతాలు ఆగిపోయాయి. మొదటి నెల బిల్లులో మినిమం డ్యూ, అంటే ఆ నెలకి కనీసం కట్టి తీరాల్సిన మొత్తం, మాత్రం కట్టాను. స్టేట్‌మెంట్ మీద ఆ అంకె చూడగానే ప్రాణం కుదుటపడింది. మొత్తం బాకీలో 5 శాతమే కదా, ఇంత తేలికా అనిపించింది. ఆ తేలికే నన్ను ముంచింది.

లెక్క చెబుతాను, ఎవరైనా కాగితం మీద వేసుకుని చూడొచ్చు. బాకీ 100 అనుకోండి. నెలకు 3 శాతం వడ్డీ. ప్రతి నెలా వడ్డీ కలిపాక ఉన్న బాకీలో 5 శాతం కడుతూ, కొత్తగా ఒక్క వస్తువు కూడా కొనకుండా ఏడాది గడిపారనుకోండి. ఆ ఏడాదిలో మీరు కట్టింది దాదాపు 55. ఏడాది చివర ఇంకా మిగిలే బాకీ 77. అంటే 55 కడితే అసలు తగ్గింది 23 మాత్రమే, మిగతా 32 వడ్డీ కిందే పోయింది. అసలేమీ కట్టకుండా వదిలేస్తే లేట్ ఫీజులు పక్కన పెట్టినా చక్రవడ్డీతో ఏడాదికి 42 శాతం దాటుతుంది, రెండేళ్లలో బాకీ రెట్టింపవుతుంది. నెలకు 3 శాతం అని రాస్తే చిన్నగా కనిపిస్తుంది. ఏడాదికెంతో లెక్క వేసుకోవడం నాకు ఆలస్యంగా తట్టింది.

ఇంకో సంగతి ఉంది. చాలామందికి ఇది తెలియదు, నాకూ తెలియదు. జీతాలు ఆగడానికి ముందే ఒకసారి బిల్లు కడుతూ అంకె పొరపాటుగా కొట్టాను. 100కి 96 కట్టినట్టయింది. మిగిలింది 4, దానికి వడ్డీ ఎంత పడుతుందిలే అనుకున్నాను. తర్వాతి స్టేట్‌మెంట్‌లో పడిన వడ్డీ మూడున్నర దాటింది. తప్పు పడిందని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది: "సార్, బిల్లు పూర్తిగా కట్టకపోతే వడ్డీ లేని గడువు ఉండదు. మొత్తం బిల్లు మీద, కొన్న రోజు నుంచి మీరు కట్టిన రోజు దాకా లెక్క వేస్తారు." పోయిన నెల 3న కొన్న వస్తువుకి ఈ నెల 10 వరకు, మొత్తం 100 మీద వడ్డీ. అంతేకాదు, పాత బాకీ పూర్తిగా తీరేదాకా కొత్తగా కొన్న ప్రతిదానికీ కొన్న రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది. ఏటీఎంలో కార్డు పెట్టి డబ్బు తీస్తే గడువు అసలు ఉండనే ఉండదు, ఫీజు అదనం. నియమాల కాగితంలో ఇదంతా ఉంది. చదవాల్సింది నేను.

ఆ తర్వాత మొదటి కార్డు బిల్లు కట్టడానికి రెండోది, రెండోదానికి మూడోది తీశాను. అన్నీ కలిసి తడిసి మోపెడయ్యాయి. ఫోన్ మోగితే చాలు గుండె దడదడలాడేది. జీతాలు మళ్లీ మొదలయ్యాక కూడా ఆ గుంటలోంచి బయటపడడానికి 19 నెలలు పట్టింది. ఎక్కువ వడ్డీ ఉన్న బాకీని ముందు తీర్చడమే లెక్కప్రకారం లాభం. నేను మాత్రం అన్నిటికంటే చిన్న బాకీని ముందు తీర్చాను. కొంత వడ్డీ ఎక్కువ పోయిందని తెలుసు. కానీ ఒక కార్డు సున్నాకి వచ్చిన రోజు మా ఇద్దరికీ వచ్చిన ధైర్యం లేకపోతే మిగతా రెండూ తీర్చేవాళ్లం కాదని ఇప్పటికీ అనుకుంటాను.

అప్పుడే క్రెడిట్ కార్డుల చరిత్ర కొంత చదివాను. 1950లో న్యూయార్క్‌లో మొదలైన డైనర్స్ క్లబ్ కార్డులో నెలాఖరుకి మొత్తం కట్టేయాలి, బాకీ ఉంచుకునే వీలు లేదు. 1958లో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో సుమారు 60,000 మందికి, వాళ్లు అడగకుండానే, బ్యాంక్‌అమెరికార్డును పోస్టులో పంపింది. ఆ కార్డుతో కొంత కట్టి మిగతాది వచ్చే నెలకి తోసుకోవచ్చు. తర్వాత 1976లో దాని పేరే వీసా అయింది. చూడడానికి రెండూ ఒకేలాంటి కార్డులు. ఒకదానిలో మినిమం డ్యూ అనే గడి లేదు, రెండోదానిలో బాకీ మిగుల్చుకునే దారి ఉంది. నా కష్టమంతా ఆ దారిలోనే వచ్చింది.

ఇక నగదు సంగతి. కార్డు ఆపడంలో అసలు కష్టం మనసును అదుపులో పెట్టుకోవడం కాదు. ఆపిన మొదటి నెల పోయిన నెల బిల్లూ కట్టాలి, ఈ నెలంతా నగదుతోనూ గడపాలి. ఒకే జీతంలో రెండు నెలలు సర్దాలి. ఇది ఎవరూ ముందు చెప్పరు. అందుకే చాలామంది మొదలుపెట్టి రెండో వారంలోనే మళ్లీ కార్డు తీస్తారు. మేం ఒకేసారి ఆపలేదు. మొదట ఇంటి సరుకులు, తర్వాత నెలలో ప్రయాణాలు, ఆ తర్వాత బట్టలు, ఇలా ఒక్కో ఖర్చునే కార్డు నుంచి నగదుకి మార్చుకుంటూ వచ్చాం. ఏడు నెలలకి ఆ వెనకబడ్డ నెల పూడింది. ఎనిమిదో నెల జీతం పడినప్పుడు అందులోంచి ఎవరికీ ఏమీ వెళ్లలేదు. మర్నాడు, ఆ పై రోజూ అంతా అలాగే ఉంది. ఆ రెండు రోజులు ఖాతా ఎన్నిసార్లు తెరిచి చూశానో.

మా పద్ధతిలో గొప్పేమీ లేదు. జీతం రోజు డబ్బు తెచ్చి కవర్లలో పెడతాం. సరుకులు, ప్రయాణాలు, మందులు, పిల్లల ఖర్చు, పైఖర్చులు. కవరు మీద మా ఆవిడ పెన్సిల్‌తో పెట్టిన మొత్తం రాస్తుంది, తీసినప్పుడల్లా కొట్టేసి కింద మిగిలింది రాస్తుంది. మొదటి ఏడాది ఒక నెల 24వ తారీఖున పైఖర్చుల కవరు పట్టుకుని బూట్లు కొనడానికి వెళ్లాను. నచ్చిన జత కౌంటర్ మీద పెట్టి నోట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సగం దాకా లెక్కపెట్టేసరికి కవరు చేతిలో పల్చబడడం తెలిసింది. ఇంకా వారం ఉంది. ఆ జత పక్కన పెట్టి, తక్కువ ధరది తీసుకున్నాను. కార్డు రోజుల్లో ఇంతకంటే ఖరీదైనవి ధర వైపు చూడకుండా కొన్నాను. అప్పుడూ ఇప్పుడూ మనిషిని నేనే. చేతిలోంచి డబ్బు వెళ్లడం కంటికి కనబడుతోంది, అంతే తేడా.

ఇది నా ఒక్కడి బలహీనత కాదని తర్వాత తెలిసింది. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో డ్రేజన్ ప్రెలెక్, డంకన్ సిమెస్టర్ అనే ఇద్దరు ఆచార్యులు 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. టికెట్లన్నీ అమ్ముడైపోయిన బాస్కెట్‌బాల్ మ్యాచ్‌కి విద్యార్థులను వేలం పాడమన్నారు. కొందరికి నగదు కట్టాలన్నారు, కొందరికి కార్డుతో కట్టాలన్నారు. కార్డు వాళ్లు పాడిన ధర నగదు వాళ్లకు సుమారు రెండింతలు. అన్ని వస్తువులకీ ఇంత తేడా ఉంటుందని నేననను. కానీ నా కవర్లు మొదలయ్యాక పైఖర్చు ఎంత తగ్గిందో చూసుకున్నాక ఆ ఫలితం నాకు వింతగా అనిపించలేదు. దీనిముందు పాయింట్లెంత? నా కార్డుల మీద వందకి ఒకటో రెండో వచ్చేవి. ఆ డబ్బు కొంత దుకాణదారు ప్రతి స్వైప్ మీదా కట్టే రుసుములోంచి, కొంత బాకీ ఉంచినవాళ్లు కట్టే వడ్డీలోంచి వస్తుంది. రెండేళ్లు అందులో నా వడ్డీ కూడా ఉంది.

నగదులో లోపాలు లేవనను. ఒకసారి బస్సులో మందుల కవరు పోయింది. పోయింది పోయినట్టే. కార్డు పోతే ఒక్క ఫోన్‌తో ఆపించవచ్చు, మనం చేయని ఖర్చు పడితే అభ్యంతరం చెప్పి వెనక్కి తెప్పించుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న వస్తువు రాకపోయినా ఆ రక్షణ ఉంటుంది. నగదుకి అది లేదు. అద్దె కారు తీసుకునేటప్పుడు, కొన్ని హోటళ్లలో దిగేటప్పుడు డిపాజిట్ కోసం కార్డే అడుగుతారు. ఇక క్రెడిట్ స్కోరు. అప్పు తీసుకుని సరిగ్గా తీర్చినవాడికే స్కోరు. అసలు అప్పే చేయనివాడి గురించి బ్యాంకుకి ఏమీ తెలియదు. ఇంటి లోను కావాలనుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మూడు కార్డులూ ఒకేసారి మూసేయకండి. అన్నిటికంటే పాతది ఉంచుకోండి.

నేను ఉంచుకున్నాను. దానివల్ల ఒక రాత్రి మేలే జరిగింది. నగదు పద్ధతిలోకి వచ్చిన మూడో ఏడు నాన్నకి అర్ధరాత్రి ఛాతీలో నొప్పి వచ్చింది. ఆసుపత్రిలో ముందు అడ్వాన్సు కట్టమన్నారు. ఇంట్లో అంత నగదు లేదు. బీరువాలో బట్టల కింద ఉన్న కార్డు తీసుకుని మా ఆవిడ ఆటోలో వచ్చింది. నాన్న బతికారు. నాలుగో రోజే అత్యవసర నిధిలోంచి ఆ మొత్తం కార్డుకి కట్టేశాను. మా ఆరు నెలల ఖర్చుకి సరిపడా డబ్బు అప్పటికి విడి ఖాతాలో చేరింది కాబట్టి కట్టగలిగాను. అదే రాత్రి ఐదేళ్ల ముందు వచ్చి ఉంటే ఆ కార్డులో అంత లిమిట్ మిగిలే ఉండేది కాదు. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఫోన్‌తో స్కాన్ చేసి కట్టడం నగదు కిందికి వస్తుందా అని చాలామంది అడుగుతారు. సొంత ఖాతాలోంచి పోతుంది కాబట్టి అప్పు కాదు. కానీ చేతికి తెలియదు, ఆ విషయంలో కార్డుకి దగ్గర. కరెంటు, నీళ్ల బిల్లులకి మాత్రం వాడుతున్నాను. దానికి విడిగా ఒక ఖాతా పెట్టి నెలకు సరిపడా మాత్రమే అందులో వేస్తాను. అదీ ఒక కవరే.

కాబట్టి నా సలహా ఇది. కార్డు బిల్లు పడే రోజుకి, ఆ మొత్తం ఇప్పటికే ఖాతాలో ఉండి, దాన్ని కట్టాక కూడా ఈ నెలంతా గడిచేవాళ్లు కార్డు నిశ్చింతగా వాడుకోవచ్చు. వాళ్లకి పాయింట్లు నిజంగానే లాభం. బిల్లు కట్టాక మళ్లీ కార్డే తీయాల్సి వచ్చేవాళ్లు, ఒక్క రూపాయి వడ్డీ కట్టకపోయినా, ఈ నెల నుంచే ఒక ఖర్చునైనా నగదుకి మార్చండి. మినిమం డ్యూ కడుతున్నవాళ్లు ఇవాళే కార్డుని పర్సులోంచి తీసి బీరువాలో పెట్టండి. పాయింట్ల గురించి, స్కోరు గురించి తర్వాత ఆలోచించవచ్చు.

నా పాత కార్డు గడువు వచ్చే నెల ముగుస్తుంది. కొత్తది పంపుతామని మెసేజ్ వచ్చింది, లిమిట్ పెంచుకోండని కూడా అందులో ఉంది. పెంచవద్దు, తగ్గించండి అని రాసి పంపాను. ఎంతకి తగ్గించాలో మా ఆవిడ విడి ఖాతా పాస్‌బుక్ చూసి చెప్పింది. అందులో ఎంతుందో, కార్డు లిమిట్ కూడా అంతే.