లారీ స్కానర్: ఏళ్లుగా వాడుతున్న నా అభిప్రాయం

బీఎస్-6 లారీ ఉన్నవాళ్లు, ఇంజిన్ కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్‌లు చదివే స్కానర్ కొనుక్కోవాలా వద్దా అని తరచూ నన్ను అడుగుతుంటారు. కొనుక్కోండి. దాంతోపాటు వోల్టులు, ఓములు కొలిచే మంచి డిజిటల్ మల్టీమీటరూ తీసుకోండి. రెండింటికీ డబ్బు చాలకపోతే ముందు మీటరే తీసుకోండి. సొంత లారీలు తిప్పుకుంటూ, చేతనైన రిపేర్లు నేనే చేసుకుంటూ వచ్చిన అనుభవంతో ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

నా దగ్గర ఉన్నది 24 వోల్టుల బండ్లకు పనికొచ్చే, లారీల్లోని కంప్యూటర్లు మాట్లాడుకునే జే1939 పద్ధతిని చదవగలిగే మధ్యరకం స్కానర్. కార్లకు తగిలించే చిన్న బ్లూటూత్ పరికరాలు చాలావరకు లారీల దగ్గర పనికిరావు. ధర చూసి ఆశపడి వాటిని కొనవద్దు.

స్కానర్ చూపే కోడ్‌లో రెండు సంఖ్యలుంటాయి. ఎస్‌పీఎన్ ఏ భాగమో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ లోపం ఏ రకమో చెబుతుంది. చాలామంది మొదటిది చూసి, ఆ పేరున్న సెన్సారు కొని బిగించేస్తారు. డబ్బంతా పోయేది అక్కడే. ఉదాహరణకు ఎస్‌పీఎన్ 157 అంటే రైలు ప్రెజర్, అంటే సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లకు డీజిల్ పంచే గొట్టంలోని ఒత్తిడి. పక్కన ఎఫ్‌ఎంఐ 3 ఉంటే సిగ్నల్ వోల్టేజి మరీ ఎక్కువగా ఉందని, 4 ఉంటే మరీ తక్కువగా ఉందని అర్థం. ఈ రెండూ కరెంటు సంగతులు, కాబట్టి సెన్సారు, కప్లరు (వైర్లు కలిపే ప్లగ్గు), వైరు చూడాలి. అదే 1 గానీ 18 గానీ ఉంటే రైలులో నిజంగానే ప్రెజర్ తగ్గింది. అప్పుడు సెన్సారు జోలికి పోకుండా డీజిల్ ఫిల్టరు, లైనులో గాలి, పంపు, ఇంజెక్టర్ల రిటర్ను (వాటి నుంచి వెనక్కి వచ్చే డీజిల్) వరుసగా చూడాలి.

ఒక వానాకాలం మా బండి గుంటూరులో మిర్చి ఎత్తుకుని చెన్నై వెళుతూ ఒంగోలు దాటాక పికప్ కోల్పోయింది. కోడ్‌లు ఒక్కసారిగా నాలుగు వచ్చాయి: రైలు ప్రెజర్, బూస్ట్ ప్రెజర్ (టర్బో తోసే గాలి ఒత్తిడి), ఆయిల్ ప్రెజర్, వీటితోపాటు ఎస్‌పీఎన్ 3509. అన్నింటి పక్కనా ఎఫ్‌ఎంఐ 4. దగ్గర్లోని వర్క్‌షాపులో ఈసీయూ (ఇంజిన్ కంప్యూటరు) పోయిందని, మార్చాల్సిందేనని తేల్చారు. నేను ఒప్పుకోలేదు. మూడు సెన్సార్లు ఒకే క్షణంలో చెడిపోవు. 3509 అంటే సెన్సార్లకు వెళ్లే 5 వోల్టుల సరఫరా. ఆ సరఫరాను పంచుకునే సెన్సార్లలో ఒకటి షార్టయినా, వాటి వైరు ఎక్కడ ఎర్త్ తగిలినా మిగతావన్నీ పడిపోతాయి.

బండి దగ్గరికి వెళ్లి, కీ ఆన్ చేసి బూస్ట్ సెన్సారు కప్లరులో మీటరు పెట్టాను. అయిదు వోల్టులు ఉండాల్సిన చోట ఒకటి కూడా లేదు. ఒక్కో సెన్సారు కప్లరు ఊడదీస్తూ చూశాం. ఏదైనా సెన్సారు షార్టయి ఉంటే దాన్ని తీయగానే అయిదు తిరిగి రావాలి. అన్నీ తీసినా రాలేదు. అప్పుడు బ్యాటరీ విప్పి, ఈసీయూ కప్లరు కూడా తీసి, సరఫరా వైరుకూ ఎర్త్‌కూ మధ్య ఓములు కొలిచాను. దాదాపు సున్నా. ఈసీయూ పక్కకు తీశాక కూడా షార్టు అలాగే ఉందంటే తప్పు వైరింగుదే. నేను మీటరు చూస్తుంటే డ్రైవరు వైర్ల కట్టను జానెడు జానెడు నొక్కుకుంటూ వెళ్లాడు. "అన్నా, ఇక్కడ నొక్కితే ఏమైనా మారిందా?" అన్నాడు. అంకె ఎగిరింది. ఇన్‌టేక్ మానిఫోల్డు పక్కన బ్రాకెట్ అంచుకు రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగిపోయింది. లోపల రాగి పచ్చగా మారి ఇనుముకు ఆనుకుని ఉంది. ఆ ముక్క కోసి, కొత్త వైరు అతికించి, ష్రింక్ ట్యూబ్ తొడిగి, బ్రాకెట్‌కు రబ్బరు పెట్టాం. ఈసీయూ నేటికీ అదే.

ఇలాంటి చోట బల్బున్న టెస్ట్ ల్యాంపు వాడవద్దు. అది లాగే కరెంటుకు ఈసీయూ దెబ్బతినవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో బాడీ పనికి ఇచ్చినప్పుడు కూడా వెల్డింగుకు ముందు బ్యాటరీ, ఈసీయూ కప్లర్లు దగ్గరుండి తీయించండి.

ఇక ఇంజిన్ మిస్సింగు, అంటే ఏదో ఒక సిలిండరు సరిగా పనిచేయకపోవడం. డీజిల్ ఇంజిన్‌కు స్పార్క్ ప్లగ్గు లేదు కాబట్టి కారణం డీజిల్ అందకపోవడమో, కంప్రెషన్ పోవడమో, ఇంజెక్టరుకు కరెంటు సరిగా వెళ్లకపోవడమో అయి ఉంటుంది. స్కానర్‌కు పెట్టిన డబ్బు తిరిగొచ్చేది ఇక్కడే. ఐడిల్‌లో ఒక్కో సిలిండరును ఆపి చూసే పరీక్ష ఉంటుంది. బాగున్న సిలిండరును ఆపితే ఇంజిన్ కుంటుతుంది. ఆపినా శబ్దం మారలేదంటే ఆ సిలిండరు అప్పటికే పనిచేయడం లేదు. తర్వాత ఇంజిన్ ఆపి, ఆ ఇంజెక్టరు కాయిలు ఓములు మిగతావాటితో పోల్చి చూస్తాను. అవి సమానంగా ఉంటే రిటర్ను పైపులకు సీసాలు తగిలించి చూస్తాను. ఏ సీసాలో డీజిల్ మిగతావాటికంటే వేగంగా నిండుతుందో ఆ ఇంజెక్టరు లోపల కారుతోంది. రిటర్ను కూడా సరిగా ఉంటే కంప్రెషన్ చూడాల్సిందే.

పాత బండ్లలో నాజిల్ పైపు నట్టు వదులు చేసి మిస్సింగు పట్టేవాళ్లం. ఇప్పటి కామన్ రైలు ఇంజిన్ (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే గొట్టం నుంచి డీజిల్ వెళ్లేది) నడుస్తుండగా ఆ పని ఎప్పుడూ చేయకండి. వందల బార్ల ప్రెజర్‌తో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, చేయి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు. నడుస్తున్న ఇంజెక్టరు వైర్లనూ ముట్టుకోకండి, వాటిలో వచ్చేది బ్యాటరీ వోల్టేజి కంటే చాలా ఎక్కువ. చాలా ఇంజిన్లలో కొత్త ఇంజెక్టరు వేశాక దాని మీదున్న కోడ్‌ను ఈసీయూలో ఎక్కించాలి. అది చేయకపోతే కొత్త ఇంజెక్టరుతోనూ ఇంజిన్ సమంగా నడవదు.

లోపాలూ చెప్పాలి. ఎండలో తెర కనబడదు. ఏటా అప్‌డేట్‌కు డబ్బు కట్టాలి. పొగను శుద్ధి చేసే యూరియా వ్యవస్థకు సంబంధించిన కొన్ని పనులు ఇందులో తెరుచుకోవు, వాటికి కంపెనీ సర్వీసుకే వెళ్లాలి. అన్నింటికంటే పెద్ద ఇబ్బంది, లైవ్ డేటా నెమ్మదిగా వస్తుంది. గతుకుల్లో క్షణం పాటు తెగి మళ్లీ కలిసే వైరు దానికి దొరకదు. ఆ సమయంలో వైరు కదుపుతూ మీటరు చూడటమే దారి. కమ్యూనికేషన్ తెగిందని కోడ్ వస్తే కూడా మీటరే కావాలి. బ్యాటరీ విప్పి, కంప్యూటర్లను కలిపే క్యాన్ వైర్లు రెండింటి మధ్య కొలిస్తే సుమారు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక చివర రెసిస్టరు తెగినట్టు.

కోడ్‌లు చెరిపే ముందు అన్నీ కాగితం మీద రాసుకోండి. చెరిపితే లోపం వచ్చిన క్షణంలోని వేగం, లోడు వివరాలు కూడా పోతాయి. కొనేటప్పుడు దుకాణంలో చూపే జాబితాను నమ్మకుండా స్కానర్‌ను మీ బండికే తగిలించమనండి. సిలిండరు ఆపే పరీక్ష, ఈసీయూ అడిగే రైలు ప్రెజర్‌నూ అసలు ఉన్న ప్రెజర్‌నూ పక్కపక్కన చూపడం, ఇంజెక్టరు కోడ్ ఎక్కించడం, ఈ మూడూ మీ కళ్ల ముందు పనిచేస్తేనే డబ్బు ఇవ్వండి.