ఆటోమేటిక్ బీఎఫ్ఆర్ కఫ్: రెండేళ్లు వాడాక

మోకాలి లిగమెంట్ ఆపరేషన్ అయినవాళ్లకు బీఎఫ్ఆర్ (తొడకు గాలి పట్టీ బిగించి, రక్తప్రవాహం కొంత తగ్గించి, తక్కువ బరువుతో చేసే వ్యాయామం) చేయించే ఫిజియోలు ఈ కఫ్ మీద మనసు పడేది ఒక్కదానికే. తొడకు చుట్టి బటన్ నొక్కితే, ఆ కాలికి రక్తం పూర్తిగా ఆగిపోయే ఒత్తిడి, అదే మనం ఎల్‌ఓపీ అనేది, ఎంతో తనే కనిపెట్టి చెబుతుంది. నిమిషం చాలు. చేతిపంపు కఫ్‌తో అయితే చీలమండ లోపలివైపు ఎముక వెనక జెల్ రాసి, రక్తప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే డాప్లర్ పరికరం ఆనించి, నాడి చప్పుడు ఆగేదాకా గాలి కొడుతూ ఉండాలి. రద్దీ వేళ ఆ ఓపిక ఉండదు, అందరికీ ఒకే అంకె పెట్టేస్తారు. సన్నటి తొడకు 150 (బీపీలాగే మిల్లీమీటర్ల పాదరసంలో) ఎక్కువైపోవచ్చు, కబడ్డీ ఆటగాడి తొడకు అదే 150 చాలకపోవచ్చు. ఆ తప్పు ఈ కఫ్ వచ్చాక పోయింది.

మొదటి ఏడాది అడిగినవాళ్లందరికీ "కళ్లు మూసుకుని నమ్మొచ్చు" అని చెప్పాను. ఇప్పుడు ఆ మాట అనను.

ఒకరోజు ఒకే మనిషికి కుడి తొడ మీద 178, ఎడమ తొడ మీద 231 చూపించింది. ఆపరేషన్ ఎడమ కాలికే కాబట్టి వాపు వల్ల అనుకున్నాం. రక్తం పూర్తిగా ఆగకుండా, ఎల్‌ఓపీలో 80 శాతం లెక్కన 185 పెట్టి మొదలుపెట్టాం. 30 సార్ల మొదటి సెట్ అయ్యేసరికి పట్టీ జారి వదులైంది. గాలి తీసి, గట్టిగా బిగించి, మళ్లీ కొలవకుండా అదే 185 ఎక్కించాం. రెండో సెట్‌లో ఏడెనిమిదికే "కాలు నాది కానట్టుంది సార్" అన్నాడు. బొటనవేలు నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఐదు దాటినా పాలిపోయే ఉంది. వెంటనే గాలి తీసేస్తే పాదం ఎర్రబడింది, హాని జరగలేదు.

కఫ్‌లు అటూ ఇటూ మార్చి కొలిస్తే పెద్ద అంకె కూడా కఫ్‌తోపాటే కుడి కాలికి వెళ్లింది. అంటే తేడా కాలిలో లేదు. వెల్‌క్రో ముళ్ల నిండా తువ్వాలు నూలు, చెమట ఉప్పు పేరుకుని పట్టు పోయింది. పట్టు లేని పట్టీలో గాలి నిండితే కఫ్ బయటికి ఉబ్బుతుంది, తొడకు ఆనే వెడల్పు తగ్గుతుంది. వెడల్పు తగ్గితే రక్తం ఆపడానికి ఒత్తిడి ఎక్కువ కావాలి. వదులుగా కట్టిన కఫ్‌కు 231 సరైన అంకే. బిగించి కట్టాక అదే కాలికి 178 చుట్టూ సరిపోయేది, మేం ఎక్కించిందేమో 185. రక్తం తగ్గించబోయి మొత్తం ఆపేశాం. మెషీన్ అబద్ధం చెప్పలేదు, కొలిచాక పట్టీని ముట్టుకోవడమే తప్పు. ఇప్పుడు పట్టీ కదిలితే చాలు, మళ్లీ కొలుస్తాం.

వారానికోసారి ముళ్లను పేలదువ్వెనతో దువ్వండి, ఇంతకంటే మంచి పరికరం దొరకలేదు. గుడ్డ ఉతికేటప్పుడు లోపలి గాలి సంచి తీసేయాలి, నీడలోనే ఆరబెట్టాలి. కొత్త వెల్‌క్రో కుట్టించేటప్పుడూ అంతే, సంచి లోపలే ఉంటే సూది దిగిపోతుంది. పంపు మాటిమాటికీ మోగుతుంటే గొట్టం జాయింటు దగ్గర సబ్బు నీళ్లు రాయండి, బుడగలు వస్తే రబ్బరు రింగు మార్చాలి.

పడుకోబెట్టి కొలిచిన అంకెతో నిలబెట్టి స్క్వాట్లు చేయించకూడదు. నిలబడితే కాలి ధమనిలో ఒత్తిడి పెరుగుతుంది, ఎల్‌ఓపీ కూడా పెరుగుతుంది. వ్యాయామం ఏ భంగిమలోనో కొలత కూడా ఆ భంగిమలోనే. కొలిచేటప్పుడు మాట్లాడినా, తొడ బిగించినా కఫ్ తడబడుతుంది.

30, 15, 15, 15 సెట్లు, మధ్యలో 30 సెకన్ల విరామం, ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20 నుంచి 30 శాతం: ఇది అందరికీ తెలిసిందే. తొడ కండరం కరిగిపోకుండా ఆపడంలో దీని మేలు స్పష్టం. బలం దగ్గరికొస్తే మాత్రం పెద్ద బరువులదే పైచేయి. మోకాలు బరువు మోసే రోజు వచ్చాక కూడా కఫ్ మీదే ఆధారపడటం ఆటగాడికి నష్టం.

కాలి సిరల్లో గతంలో రక్తం గడ్డకట్టినవాళ్లకు, బీపీ అదుపులో లేనివాళ్లకు కట్టకూడదు. ఆదిలాబాద్, భద్రాచలం, పాడేరు ఏజెన్సీల నుంచి వచ్చే పిల్లలకు సికిల్ సెల్ పరీక్ష రిపోర్టు చూడందే మేం చుట్టం. రక్తం, ఆక్సిజన్ తగ్గిన కాలిలో సికిల్ సెల్ ఉన్నవాళ్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి అడ్డుపడే ప్రమాదం ఉంది.

రోజుకు నలుగురైదుగురు లిగమెంట్ పేషెంట్లు వచ్చే మాలాంటి చోట దీనికి పెట్టిన డబ్బు దండగ కాదు. వారానికి ఒక్కరే వస్తే చేతిపంపు కఫ్, చిన్న డాప్లర్ చాలు, కొలత ఇంకా నమ్మకంగా ఉంటుంది. ఇంట్లో ఒంటరిగా కట్టుకునేవాళ్లకు నేనైతే చెప్పను. కొనేముందు ఒక్కటి అడగండి: కఫ్ గుడ్డ విడిగా అమ్ముతారా? మాకు అమ్మలేదు, మొత్తం సెట్టే కొనమన్నారు. అందుకే రెండో జత వెల్‌క్రో దర్జీ కుట్టిందే.