ఇనియెస్టా పుట్టిన ఊరి నుంచి బార్సిలోనా దాకా

ఫుట్‌బాల్ కోసం స్పెయిన్ వెళ్లే మనవాళ్లు చాలామంది మాడ్రిడ్‌లో ఒక స్టేడియం, బార్సిలోనాలో ఒక స్టేడియం చూసి, జెర్సీ కొనుక్కుని వచ్చేస్తారు. నేనూ మా తమ్ముడూ మాత్రం ఆంద్రెస్ ఇనియెస్టా కెరీర్ నడిచిన దారినే పట్టుకుని వెళ్లాం. 2010 వరల్డ్ కప్ ఫైనల్లో 116వ నిమిషంలో గోల్ కొట్టి స్పెయిన్‌కి మొదటి కప్పు తెచ్చిన మిడ్‌ఫీల్డర్ ఆయన. ఆ ఆటగాణ్ణి ఇష్టపడేవాళ్లకి నేను చెప్పేది ఒకటే: బార్సిలోనాలో ఒక రోజు తగ్గించుకునైనా సరే, ముందు ఆయన చిన్నప్పుడు ఆడిన అల్బసేతే ఊరి వైపు వెళ్లండి.

మాడ్రిడ్ చమార్తిన్ స్టేషన్ నుంచి హైస్పీడ్ రైల్లో అల్బసేతే గంటన్నర ప్రయాణం. టికెట్ ముందుగా తీసుకుంటే బాగా చవక. టూరిస్టులు పెద్దగా రాని ఊరు కాబట్టి గదుల అద్దె బార్సిలోనాలో సగం కూడా లేదు. స్టేషన్ దగ్గరి హోటళ్ల కన్నా కేథడ్రల్ పక్క వీధులు మేలు. సాయంత్రం జనం అంతా అక్కడే తిరుగుతారు, తినడానికి చోట్లు కూడా అక్కడే ఉన్నాయి. కత్తుల తయారీకి పేరున్న ఊరిది. కేథడ్రల్ ఎదురుగానే కత్తుల మ్యూజియం ఉంది, గంటలో చూసేయొచ్చు.

శాకాహారులకి ఒక హెచ్చరిక. మెనూలో ‘వెజెటల్’ అని రాసిన శాండ్‌విచ్‌లో ట్యూనా చేప, గుడ్డు ఉంటాయి. అడక్కుండా ఆర్డర్ ఇవ్వకండి. పిస్తో అని కూరగాయల వేపుడు కూర ఒకటి దొరుకుతుంది, దాని మీద గుడ్డు వద్దని చెబితే సరిపోతుంది. రొట్టెతో తింటే వంకాయ, టమాటా కూర తిన్నట్టే ఉంది. రాత్రి భోజనం తొమ్మిదికి ముందు దొరకడం కష్టం.

ఇనియెస్టా చిన్నప్పుడు ఆడింది ఇక్కడి అల్బసేతే బలోంపియే క్లబ్బులో. వాళ్ల స్టేడియం కార్లోస్ బెల్మోంతే చిన్నది, హంగు లేదు. 2013లో ఆటగాళ్లకి జీతాలు ఇవ్వలేక ఈ క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోయే పరిస్థితి వస్తే, ఇనియెస్టా 2,40,000 యూరోలు సర్ది కాపాడారు. అప్పటికి ఆయన ఈ ఊరు వదిలి పదిహేడేళ్లు. ఆ సంగతి తెలిసి ఆ గేటు ముందు నిలబడితే, బార్సిలోనా మ్యూజియంలో కప్పుల వరస చూసినప్పటికన్నా ఎక్కువ అనిపించింది నాకు.

ఆయన పుట్టిన ఊరు ఫుయెంతెఆల్బియా అక్కడి నుంచి కారులో ముప్పావుగంట. బస్సులున్నాయి కానీ వాటిని నమ్ముకుని రోజంతా ప్లాన్ చేసుకోలేం. కారు అద్దెకి తీసుకుంటే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్, క్రెడిట్ కార్డు రెండూ దగ్గర పెట్టుకోండి. మేం మొదట వెళ్లిన చోట డెబిట్ కార్డు మీద డిపాజిట్ తీసుకోం అన్నారు, ఆ టెన్షన్‌లో ఉదయమంతా పోయింది.

రెండు వేల మంది జనాభా ఉన్న పల్లె. ద్రాక్షతోటలు, ఎర్రమట్టి, మధ్యాహ్నం తలుపులన్నీ మూసిన వీధులు. ఇనియెస్టా నాన్న తాపీ మేస్త్రీ, అమ్మ తరఫు తాతయ్యకి ఊళ్లో బార్ ఉండేది. ప్రాక్టీసు కోసం పిల్లాణ్ణి ఇంట్లోవాళ్లే కారులో అల్బసేతేకి తిప్పేవారు. మేం వచ్చిన రోడ్డే అది. పన్నెండేళ్లకి, 1996లో, బ్రూనేతే అనే పిల్లల టోర్నమెంట్‌లో ఆడుతుండగా బార్సిలోనా వాళ్ల కంట్లో పడ్డాడు. ఆ ఏడాదే అమ్మానాన్నలు ఐదు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న బార్సిలోనా క్లబ్బు హాస్టల్లో దింపి వచ్చారు. తట్టుకోలేక నాన్న వెనక్కి తీసుకెళ్లిపోదామంటే, అమ్మే వద్దని ఆపింది. పిల్లల్ని చిన్నప్పుడే హాస్టళ్లకి పంపే మన ఇళ్లలో ఈ మాట విడమర్చి చెప్పక్కర్లేదు.

ఊరి దగ్గరే బొదేగా ఇనియెస్టా ఉంది. వాళ్ల నాన్న తొంభైలలో కొన్న తోట మీద 2010లో కుటుంబం మొదలుపెట్టిన వైనరీ. ముందుగా బుక్ చేసుకునే వెళ్లాలి. వివరణ ఎక్కువగా స్పానిష్‌లోనే సాగింది, అయినా మా కోసం ఆగి ఆగి ఇంగ్లీషులో చెప్పారు, ఎక్కడా తొందరపెట్టలేదు. ఇక్కడి నేలకి అలవాటైన బొబాల్ ద్రాక్ష గురించి వాళ్లు చెప్పే తీరు బాగుంది. ‘మినుతో 116’ (116వ నిమిషం) పేరుతో ఒక వైన్ కూడా ఉంది. ప్రయాణం మొత్తంలో డబ్బుకి తగ్గ విలువ ఇచ్చిన టూర్ ఇదే. తాగనివాళ్లు కూడా తోట చూడ్డానికి వెళ్లొచ్చు. తిరిగి వచ్చేటప్పుడు అల్కలా దెల్ హూకార్‌లో ఆగండి. నది ఒంపులో కొండని తొలిచి కట్టిన ఇళ్లున్న ఊరు.

బార్సిలోనాకి వాలెన్సియాలో రైలు మారి వెళ్లాం. ఊరి నడిబొడ్డున రాంబ్లా వీధి దగ్గర గదులు ఖరీదు, రాత్రంతా గోల. శాంట్స్ స్టేషన్ చుట్టుపక్కల తీసుకుంటే రైళ్లకీ, బార్సిలోనా క్లబ్బు స్టేడియం కాంప్ నౌకీ దగ్గర. గది అద్దె కాక రాత్రికి ఇంతని టూరిస్టు పన్ను హోటల్లో విడిగా కట్టాలి. పది ప్రయాణాల మెట్రో కార్డు ఎయిర్‌పోర్టు మెట్రో స్టేషన్లలో చెల్లదు, అది గుర్తుంచుకోండి.

క్లబ్ మ్యూజియం నాకు నచ్చలేదనను. కానీ టికెట్ ధర ఎక్కువ, జనం ఎక్కువ, మేం వెళ్లేటప్పటికి స్టేడియం పునర్నిర్మాణంలో ఉంది. పైగా అక్కడ ఎటు తిరిగినా మెస్సీయే. 674 మ్యాచ్‌లు, నాలుగు చాంపియన్స్ లీగ్‌లు, తొమ్మిది లీగ్ టైటిళ్లు ఉన్న ఇనియెస్టాని వెతుక్కోవాల్సి వచ్చింది. స్టేడియం పక్కనే ఉన్న పాత లా మాసియా, 1702 నాటి రాతి ఇల్లు, బయటి నుంచే చూడాలి. పైసా ఖర్చు లేదు. ఆయన పెరిగిన హాస్టల్ ఇదే. 2011లో హాస్టల్ బార్సిలోనా పక్కనే ఉన్న సాంట్ జోన్ దెస్పీకి మారింది. అక్కడి యోహాన్ క్రైఫ్ స్టేడియంలో క్లబ్బు మహిళల జట్టు మ్యాచ్‌లు జరుగుతాయి. ఆరు వేల సీట్లే, ఎక్కడ కూర్చున్నా పాస్ కదలిక అంతా కనిపిస్తుంది. మిడ్‌ఫీల్డ్ ఆట ఇష్టపడేవాళ్లు మ్యూజియం డబ్బు ఇక్కడ పెట్టండి.

ఒక సాయంత్రం ఎస్పాన్యోల్ స్టేడియానికి కూడా వెళ్లాం. బార్సాకి, అంటే బార్సిలోనా క్లబ్బుకి, ఊళ్లోనే ఉన్న ప్రత్యర్థి. వాళ్ల కెప్టెన్ దానీ హార్కే 2009 ఆగస్టులో 26 ఏళ్లకే గుండె ఆగి చనిపోయాడు. కుర్రాళ్ల జాతీయ జట్టులో ఇనియెస్టాకి స్నేహితుడు. 2010 వరల్డ్ కప్ ఫైనల్లో గోల్ కొట్టాక ఇనియెస్టా జెర్సీ విప్పి చూపించిన బనియన్ మీద ‘దానీ హార్కే, ఎప్పుడూ మాతోనే’ అని రాసుంది. ఆ ఏడాది డిసెంబరులో ఇదే మైదానంలో బార్సా 5-1తో గెలిచినా, ఇనియెస్టా బయటికి వెళ్తుంటే ఎస్పాన్యోల్ జనం లేచి చప్పట్లు కొట్టారు. హార్కే నంబరు 21. 21వ నంబరు గేటు ఆయన స్మారకం, ప్రతి మ్యాచ్‌లో 21వ నిమిషానికి స్టేడియమంతా చప్పట్లు. టికెట్లు బార్సా కన్నా తేలిగ్గా, తక్కువ ధరకి దొరుకుతాయి. ఆట మొదలయ్యే ముందు గేటు దగ్గరికి వెళ్లడానికి కాస్త టైమ్ ఉంచుకోండి.