పాత కంప్యూటర్‌కు వెడల్పు మానిటర్: గ్రాఫిక్స్ కార్డు వేయాలా, వద్దా?

గుంటూరు అరండల్‌పేటలో మా అన్నయ్య డీటీపీ చేస్తాడు. గైడ్లు, కరపత్రాలు, పెళ్లి కార్డులు. అతని కంప్యూటర్‌లో ఉన్నది జీ31 మదర్‌బోర్డు, అంటే 2007 నాటి ఇంటెల్ చిప్‌సెట్. గ్రాఫిక్స్ కూడా అందులోనే. పేజ్‌మేకర్‌కీ అను ఫాంట్లకీ అది ఇప్పటికీ ఎక్కువే. పాత 17 అంగుళాల మానిటర్ పోతే, ఎదురెదురు పేజీలు రెండూ ఒకేసారి కనబడతాయని 24 అంగుళాల వైడ్‌స్క్రీన్ తెచ్చుకున్నాడు. వైరు తగిలించగానే నాకు ఫోన్: "ఒరేయ్, సున్నాలన్నీ కోడిగుడ్లలా ఉన్నాయిరా!"

వెళ్లి చూస్తే నిజమే. 'మంగళం'లో రెండు సున్నాలూ అడ్డంగా సాగిపోయాయి. 1280×1024 చుక్కల (పిక్సెళ్ల) బొమ్మను 1920×1080 తెర నిండా లాగితే అంతే మరి. షాపతను "కార్డు వేస్తే సరిపోద్ది సార్" అన్నాడట. ఏ కార్డో చెప్పలేదు.

ముందు పైసా ఖర్చు లేని పని చేశాం. విండోస్ తనంతట వేసుకున్న డ్రైవర్ (గ్రాఫిక్స్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) తీసేసి ఇంటెల్‌ది వేస్తే 1920×1080 వచ్చింది, సున్నాలు గుండ్రబడ్డాయి. (చిన్న వైడ్‌స్క్రీన్ కొన్నవాళ్లకు పాత బోర్డుల్లో తెర వెడల్పు 1366 చుక్కల బదులు 1360 అని కనిపిస్తే కంగారు పడొద్దు. ఆ గ్రాఫిక్స్‌కు వెడల్పు ఎనిమిదితో నిశ్శేషంగా భాగించబడాలి, 1366 అలా భాగించబడదు.) కానీ బోర్డుకు మానిటర్ తగిలించడానికి ఉన్నది పాతకాలపు వీజీఏ పోర్టు ఒక్కటే, అదేమో అనలాగ్, కాబట్టి అక్షరాలు కాస్త మసకబారతాయి. మానిటర్ మీద ఆటో బటన్ నొక్కితే కొంత తేరుకుంది గానీ, చిన్న అక్షరాల్లో వత్తుల దగ్గర మసక పోలేదు. బిల్లులు కొట్టుకునే కొట్టుకైతే ఇది చాలు. పొద్దస్తమానం ప్రూఫులు చూసేవాడికి మాత్రం తలనొప్పే.

ఇక కార్డు. దాంతో డిజిటల్ పోర్టు హెచ్‌డీఎంఐ వస్తుంది, మసక పోతుంది. ఎన్విడియా వారి చవక కార్డు జీటీ 710 అయితే 19 వాట్లు తింటుంది. బోర్డు మీద కార్డు దూర్చే స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది కాబట్టి పాత ఎస్ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) గురించి టెన్షన్ అక్కర్లేదు. ఫ్యాన్ లేని రకం దొరుకుతుంది, గుంటూరు దుమ్ముకి అదే నయం. హెచ్‌డీఎంఐ 1.4తో 1920×1080 హాయిగా నడుస్తుంది. లోపం ఒకటే: 2021 తర్వాత దానికి కొత్త ఫీచర్ల డ్రైవర్లు ఆగిపోయాయి. పేజ్‌మేకర్‌కు ఆ బాధ లేదు.

జీటీ 1030 అంతకంటే మెరుగు. 30 వాట్లు, హెచ్‌డీఎంఐ 2.0. మానిటర్ ఇంకా వెడల్పుగా, 3440×1440 అయితే ఇదే తీసుకోవడం మేలు, 1.4 మీద అది చాలాసార్లు పూర్తి 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు బొమ్మ మారడం) అందుకోదు. అయితే పెట్టె మీద మెమరీ రకం జీడీడీఆర్5 అని ఉందో లేదో చూసుకోండి. డీడీఆర్4 రకం కూడా అదే పేరుతో అమ్ముతారు, దాని మెమరీ వేగం మూడో వంతు.

సెకండ్‌హ్యాండ్ గేమింగ్ కార్డు చవకగా వస్తోందని ఆశపడకండి. అలాంటివాటిలో చాలావాటికి విడిగా ఆరు పిన్నుల పవర్ వైరు కావాలి, పాత ఎస్ఎంపీఎస్‌లో అది ఉండకపోవచ్చు. వీడియో ఎడిటింగ్ కూడా చేయాలనుకుంటే కార్డు మాట మానేసి, ఆఫీసులు వదిలించుకున్న నాలుగో తరం ఇంటెల్ ఐ5 సిస్టమ్ కొనడం మేలు.

అన్నయ్యకు నేను 710 చెప్పాను. పాత బయోస్‌తో (కంప్యూటర్‌ను మొదట లేపే బోర్డులోని ప్రోగ్రామ్) కొన్ని కార్డులకు డిస్‌ప్లే రాదు కాబట్టి, సీపీయూని స్కూటర్ మీద పెట్టుకుని విజయవాడ గవర్నర్‌పేట వెళ్లి, అక్కడే వేయించి, తెర వెలిగాకే డబ్బులిచ్చాం.

ఇంటికొచ్చి ముందురోజు పెళ్లి కార్డు తెరిచాడు. వరుడి తండ్రి పేరులో ఒక వత్తు లేదు. కార్డు అప్పటికే ప్రెస్సుకు వెళ్లిపోయింది.