బయాలజీ రివిజన్: కొన్న మెటీరియలా, సొంత నోట్సా?

విశాఖ ద్వారకానగర్‌లో జిరాక్స్ షాపుకెళ్తే బయాలజీ మెటీరియల్ స్పైరల్ బైండింగ్‌తో సిద్ధంగా దొరుకుతుంది. మా చెల్లి బైపీసీలో ఉన్నప్పుడు ఒకటి కొన్నాం. నీట్‌లో 720 మార్కులకు 360 బయాలజీవే కదా, టైమ్ కలిసొస్తుందని. కలిసొచ్చింది కూడా. వర్గీకరణ, శాస్త్రీయ నామాలు పట్టికల్లో చూసుకోవడానికి అచ్చు కాగితమే హాయి. అవి మళ్ళీ రాసుకోవడం దండగ.

మూత్రపిండం దగ్గరికొచ్చేసరికి తేడా తెలిసింది. నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల వడపోత, అంటే రోజుకు 180 లీటర్లు. బయటికొచ్చే మూత్రం లీటరున్నర. ఈ అంకెలన్నీ చెల్లికి కంఠతా వచ్చు. మరి మిగతా నీళ్ళు ఎక్కడికి పోయాయే అని అడిగితే మాత్రం నోరు పెగల్లేదు. మెటీరియల్‌లో బొమ్మ ఉంది కానీ, కాపీ మీద కాపీ తీసి పేర్లన్నీ అలికేసినట్టున్నాయి.

ఆ రాత్రి తెల్లకాగితం మీద నెఫ్రాన్ (మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే అతిసన్నని గొట్టం) తనే గీసింది. సమీపస్థ సంవళిత నాళిక, అంటే అందులో మొదటి మెలికల భాగం దగ్గర పెద్ద బాణం, ఎందుకంటే ఎక్కువ నీరు తిరిగి రక్తంలోకి వెళ్ళేది అక్కడే. ఆ తర్వాత U ఆకారంలో వంగే హెన్లీ శిక్యంలో దిగే భాగానికి నీటి కోసం నీలం బాణాలు, నీటిని వదలని ఎక్కే భాగానికి లవణాల కోసం ఎర్రవి. మూడోసారి గీసేటప్పుడు పుస్తకం తెరవలేదు.

అందుకే శరీరధర్మశాస్త్రం, జన్యుశాస్త్రం సొంతంగా రాసుకోమనే చెబుతాను. అంత తీరిక లేకపోతే కనీసం బొమ్మలైనా చేత్తో వెయ్యండి.