పూర్తి ఆధార్ జిరాక్సా, మాస్క్‌డ్ ఆధారా?

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగువారు వైద్యానికో, చదువుకో విశాఖపట్నం వెళ్లినప్పుడు లాడ్జీలోనో, అద్దె ఇంటి యజమాని వద్దనో ఆధార్ జిరాక్సు ఇవ్వవలసి వస్తోంది. ఆ కాగితం మీద 12 అంకెల సంఖ్య, పుట్టిన తేదీ, చిరునామా అన్నీ కనిపిస్తాయి. ఒకసారి చేయి దాటాక అది ఏ బీరువాలో ఉందో, ఎవరి ఫోనులోకి ఫొటోగా చేరిందో తెలుసుకునే దారి మనకు లేదు. పైగా ఆ సంఖ్య జీవితాంతం అదే.

మాస్క్‌డ్ ఆధార్‌లో మొదటి 8 అంకెలు కనిపించవు, చివరి 4 మాత్రమే ఉంటాయి. పేరు, ఫొటో, చిరునామా యథాతథంగా ఉంటాయి కనుక ఇది సంపూర్ణ రక్షణ కాదు. అయినా గది అద్దెకిచ్చేవారికి మనమెవరమో తెలియడానికి అంతకు మించి అవసరం లేదని నా గట్టి అభిప్రాయం. రాయితీ సొమ్ము ఖాతాలో పడే ప్రభుత్వ పథకాల సంగతి వేరు. అక్కడ పూర్తి సంఖ్య ఇవ్వక తప్పదు.

మాస్క్‌డ్ ప్రతిని ఆధార్ వెబ్‌సైటు నుంచి ఉచితంగా దింపుకోవచ్చు, కానీ నమోదైన మొబైలుకు వచ్చే ఓటీపీ కావాలి. సిమ్ మార్చినా ఆధార్‌లో పాత నంబరే మిగిలిపోయినవారు ముందుగా దానిని మార్పించుకోవాలి. జిరాక్సుకు ఈ శ్రమ లేదు, అది అంతగా వాడుకలో ఉండడానికి ఇదొక కారణం. నెట్ సెంటరులో దింపుకున్నవారు ప్రింటు తీయగానే ఫైలును డౌన్‌లోడ్ల నుంచీ, రీసైకిల్ బిన్ నుంచీ తొలగించాలి. దాని పాస్‌వర్డు పేరులోని మొదటి 4 ఇంగ్లిషు అక్షరాలు, పుట్టిన సంవత్సరం కలిపినదే కాబట్టి, మనల్ని ఎరిగినవారెవరైనా దానిని సులువుగా తెరవగలరు.