మధ్యాహ్నం రెండింటికి స్పేస్ స్టేషన్ చూపించే యాప్ మనకెందుకు

మొదట వేసుకున్న యాప్ పేరు చెప్పను. మిట్టమధ్యాహ్నం "స్పేస్ స్టేషన్ మీ నెత్తి మీద ఉంది, చూడండి" అని మెసేజ్, ఇంకోసారి అర్ధరాత్రి ఒంటిగంటకి. అబద్ధమేం కాదు, రోజుకి 15 సార్లకి పైగా భూమిని చుట్టేది పైన ఉండే ఉంటుంది. కానీ కింద మనకి చీకటి పడి, 400 కిలోమీటర్ల ఎత్తున దాని మీద ఇంకా ఎండ పడుతుంటేనే కదా కనపడేది, అంటే పొద్దుగూకాక కాసేపు, లేదా తెల్లారగట్ల. తీసి పారేశాను.

ఆర్నెల్లుగా హెవెన్స్ అబవ్ అనే యాప్ వాడుతున్నా. హంగులేం లేవు, లెక్క మాత్రం గట్టిది. కంటికి కనపడే పాస్‌లే, అంటే స్టేషన్ మన ఆకాశం దాటివెళ్ళే సమయాలే ఇస్తుంది: ఏ దిక్కున మొదలు, ఎంత ఎత్తుకి వస్తుంది, ఎక్కడ మాయమవుతుంది. ఎత్తు డిగ్రీల్లో ఉంటుంది, చెయ్యి చాచి పిడికిలి పట్టుకుంటే సుమారు 10 డిగ్రీలు, అలా కొలుచుకోండి. వెలుగు అంకె దగ్గర మా నాన్న "మైనస్ 3.5 అంటే అసలు కనపడదేమోరా" అన్నారు. అక్కడ మైనస్ పెరిగేకొద్దీ వెలుగు ఎక్కువ, నక్షత్రాల్లో పెద్ద వెలుగైన సిరియస్సే మైనస్ 1.5.

మనం చూసేది వైజాగ్‌లో కాబట్టి లొకేషన్ మాత్రం వైజాగ్ పెట్టుకోండి. నేను హైదరాబాద్‌ది మార్చడం మర్చిపోయి ఒకరోజు డాబా మీద మెడ నొప్పి తెచ్చుకున్నా. రెండు ఊళ్లకీ 500 కిలోమీటర్లు, అది స్టేషన్‌కి ఒక్క నిమిషం దూరమే, కానీ అక్కడ నడినెత్తిన వెళ్ళేది ఇక్కడ సగం ఎత్తుకి కూడా రాకపోవచ్చు.

ఇంకోటి, అందరూ ఆర్కే బీచ్‌కి పోదామంటారు. సాయంత్రం పాస్‌కి వద్దు. స్టేషన్ పడమటి వైపు నుంచి వస్తుంది, బీచ్‌లో అటంతా అపార్ట్‌మెంట్లు, లైట్లు, వాటిని దాటి పైకి వచ్చేసరికే సగం ఆట అయిపోతుంది. తూర్పుకి తిరిగాక భూమి నీడలో పడి, సముద్రం దాకా రాకుండానే ఎవరో స్విచ్ నొక్కినట్టు ఆరిపోతుంది, చాలాసార్లు. తెల్లారగట్ల పాస్ అయితే దీనికి రివర్సు, నీడలోంచి బయటికొచ్చి వెలుగుతూనే నీళ్ల మీదకి దిగుతుంది. దానికి మాత్రం బీచ్‌ని మించింది లేదు, నాలుగున్నరకి లేవగలిగితే.

వారం ముందే టైం చూసి చుట్టాల్ని పిలవకండి. మధ్యలో ఇంజన్లు మండించి స్టేషన్ కక్ష్య పెంచితే నిమిషాలు మారిపోతాయి, ఆ రోజే మళ్ళీ చూసుకోవాలి. మబ్బు పడితే ఏ యాప్ ఉన్నా దండగే. శ్రావణంలో మా పిన్నీవాళ్లని పిలిచి, పకోడీలు పెట్టి పంపించాను.